చలికాలం ప్రాక్టీసు గురించి అత్త చెప్పే మాటలు

చిట్టీ,

బెంగళూరులో నిన్ను కాలేజీ పరుగు టీమ్‌లోకి తీసుకున్నారని తెలిసి ఎంత సంతోషమేసిందో. ఇక చలి సంగతి. నెల్లూరు ఎండల్లో పెరిగినదానివి, పదిహేను డిగ్రీలంటే నీకు వణుకు పుట్టడంలో వింతేం లేదు. నిజానికి పరుగుకి అంత మంచి వాతావరణం ఇంకోటి లేదు, కాకపోతే ఒళ్లు వేడెక్కేదాకా ఓపిక పట్టలేకే పిల్లలు దెబ్బలు తగిలించుకుంటారు.

జనవరిలో బెంగళూరులో ఆరూ నలభై దాటితే గానీ పొద్దు పొడవదు. మీరేమో చీకట్లోనే గ్రౌండ్‌కి వస్తారు, తర్వాత క్లాసులకు పరిగెత్తాలి, దాంతో అందరూ ముందుగా కోత పెట్టేది వార్మప్‌కే. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. మనూళ్లో రెండు రౌండ్ల జాగింగ్‌తో సరిపోయేదేమో గానీ అక్కడ పావుగంటైనా మెల్లగా పరిగెత్తాలి, వీపు మీద చెమట తెలిసేదాకా. తర్వాత కాళ్లు ఊపడం, హై నీస్ (మోకాళ్లు పైకి లేపుతూ పరిగెత్తడం), స్కిప్పింగ్ డ్రిల్స్, ఆపైన స్ట్రైడ్స్, అంటే వేగం పెంచుకుంటూ పోయే ఎనభై మీటర్ల పరుగులు నాలుగు, అందులో మొదటిది సగం వేగంతో, ఆఖరిది మాత్రమే రేసు వేగానికి దగ్గరగా. వంగి కాలివేళ్లు పట్టుకుని అలాగే నిలబడే స్ట్రెచింగ్ అంతా ప్రాక్టీసు అయ్యాకే. హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, ఎక్కువగా పట్టేసేది కాలు ముందుకి విసిరి నేల మీద మోపబోయే క్షణంలో. బిర్రుగా ఉన్న కండరాన్ని ఆ క్షణంలో ఫుల్ స్పీడ్ అడిగితే ఇక వారాల తరబడి గట్టు మీద కూర్చుని మిగతావాళ్లకి టైమ్ చూస్తూ ఉండాల్సిందే.

ట్రాక్ ప్యాంటు, జాకెట్ ఆఖరి స్ట్రైడ్ దాకా తియ్యకు. రెపిటీషన్ల (మళ్లీ మళ్లీ చేయించే వేగం పరుగుల) మధ్య ఎక్కువసేపు గ్యాప్ ఉంటే మళ్లీ వేసుకో, ఎవరు నవ్వినా సరే. అన్నీ అయ్యాక తడిసిన టీషర్ట్‌తో కబుర్లు చెప్పుకుంటూ నిలబడొద్దు, బ్యాగులో పొడిది ఒకటి పెట్టుకుని వెంటనే మార్చుకో. చలికి దాహం తెలీదు, అయినా నీళ్లు తాగాలి.

కబ్బన్ పార్కులో ఈజీ రన్ అన్నారంటే అది ఈజీగానే ఉండాలి. సీనియర్లు పోటీ పెడతారు, పెట్టనీ. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నావంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. 800 మీటర్ల పరుగులో సగానికి పైగా శక్తి ఆక్సిజన్‌తోనే వస్తుంది, ఆ పునాది పడేది ఈ మెల్లటి పరుగుల్లోనే. ఆ ఊళ్లో వేగం రాదని కాదు, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి హర్డిల్స్‌లో 12.82 సెకన్లు పరిగెత్తింది బెంగళూరులోనే, 2022లో. కానీ అది అక్టోబరులో, జాతీయ పోటీల్లో. డిసెంబరు తెల్లవారుజామున మొదటి రౌండ్‌లో రికార్డు కొట్టమని నిన్నెవరూ అడగడం లేదు. అన్నట్టు ఎవరో "మనది హై ఆల్టిట్యూడ్ ట్రైనింగ్" (గాలి పలచగా ఉండే ఎత్తైన చోట చేసే ప్రాక్టీసు) అన్నారన్నావు కదా, నవ్వొచ్చింది. బెంగళూరు ఎత్తు 900 మీటర్ల పైచిలుకు, ఊటీ 2,200 మీటర్ల పైన. ఆ గొప్పలు ఊటీ వాళ్లకి వదిలెయ్యమను.

పిక్కల్లో నొప్పి అయితే ఒకట్రెండు రోజుల్లో పోతుంది, దానికి టెన్షన్ పడకు. మోకాలి కింద కాలి ముందెముక మీద వేలితో నొక్కితే ఒకేచోట సూదిలా గుచ్చుతుంటే మాత్రం ఆరోజే కోచ్ సార్‌కి చెప్పు. టీమ్‌లోంచి తీసేస్తారని దాచే పిల్లలే తర్వాత సీజన్ మొత్తం పోగొట్టుకుంటారు.

ఇక తిండి. ఖాళీ కడుపుతో వెళ్లకు, ఒక అరటిపండో రెండు ఖర్జూరాలో చాలు. ప్రాక్టీసు నుంచి వచ్చాక మాత్రం గుడ్లు, ఇడ్లీ, ఏదున్నా కడుపునిండా తిను, సన్నబడాలని మానేస్తే ఊరుకోను. పరిగెత్తే ఆడపిల్లలకి ఐరన్ ఇట్టే తగ్గిపోతుంది, నెలసరి ఎక్కువైతే ఇంకా. భోజనం చెయ్యగానే కాఫీ తాగకు, అది తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, గంట ఆగు. ఎంత నిద్రపోయినా కాళ్లు బరువుగా ఉంటే చలి మీదికి నెట్టెయ్యకుండా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) పరీక్షలు రెండూ చేయించుకో. హిమోగ్లోబిన్ పన్నెండు కన్నా తక్కువ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, సొంతంగా మాత్రలు కొనుక్కోవద్దు.

రిపోర్ట్ ఫోటో ముందు నాకు పంపు. మీ నాన్నకి నేను చెప్తాలే, వాడు ఊరికే కంగారుపడి రాత్రికి రాత్రే బస్సెక్కేస్తాడు.

మీ అత్త