శాంపిల్ కోసే ముందు

ఒరే అల్లుడూ,

నువ్వు పంపిన పాట మూడుసార్లు విన్నాను. ర్యాప్ బాగుంది. కింద మోగే ఆ శాంపిల్, అదే పాత రికార్డులోంచి కోసి పెట్టిన పియానో ముక్క, ఎక్కడిదిరా అని అడిగితే "ఎవరికి తెలుస్తుందిలే మామయ్యా" అన్నావు చూడు, ఆ మాటకే నాకు టెన్షన్.

లండన్‌లో జెఫ్ విల్కిన్సన్ అనే సంగీత నిర్మాత కూడా 90ల మొదట్లో అలాగే చేశాడు. బ్లూ నోట్ అనే అమెరికా జాజ్ రికార్డు కంపెనీ వాళ్ల రికార్డులోని ముక్కను అడక్కుండా వాడి సింగిల్ వేశాడు. కంపెనీ నుంచి పిలుపొచ్చింది. తీరా వెళ్తే కేసు పెట్టలేదు, తమ పాత రికార్డులన్నీ వాడుకోమన్నారు. అతను, మెల్ సింప్సన్ కలిసి 'అస్ త్రీ' పేరుతో చేసిన 'క్యాంటలూప్' అలా పుట్టింది. "చూశావా, ఏం కాలేదుగా" అనకు. అది అతని అదృష్టం. నేను ఒకప్పుడు ఒక జింగిల్‌లో పాత క్యాసెట్టు నుంచి రెండు సెకన్ల వీణ బిట్టు వాడాను. దొరికిపోయాను. పైసా రాలేదు సరికదా, స్టూడియో అద్దె కూడా నా జేబులోంచే పోయింది. మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

అనుమతులు రెండు కావాలి. రికార్డింగు ఎవరిదో వాళ్లది ఒకటి, బాణీ ఎవరిదో వాళ్లది ఒకటి. రెండోది అందరూ మర్చిపోతారు. రికార్డింగుకి మరీ ఎక్కువ అడిగితే, బాణీకి మాత్రం అనుమతి తీసుకుని ఆ ముక్కను మళ్లీ వాయించుకో.

ఇక పాట సంగతి. 'క్యాంటలూప్'కి ఆధారం జాజ్ పియానిస్ట్ హెర్బీ హాంకాక్ 1964లో రికార్డు చేసిన 'క్యాంటలూప్ ఐలాండ్'. పదహారు బార్లు (బార్ అంటే మన తాళంలో ఒక ఆవృతం లాంటిది), నాలుగేసి బార్లకి ఒక కార్డ్, అంటే కలిపి మోగే స్వరాల గుంపు, అంతే. ఆ పియానో ఊపు మీద రసాన్ కెల్లీ ర్యాప్ చేశాడు. అయితే ఆ ముక్కనే లూప్‌లా మళ్లీ మళ్లీ తిప్పేసి ఊరుకోలేదు వాళ్లు. జెరార్డ్ ప్రెసెన్సర్ అనే దాదాపు ఇరవయ్యేళ్ల కుర్రాడి చేత ట్రంపెట్ వాయించారు. ఆ ట్రంపెట్ రాగానే పాటకి ప్రాణం వస్తుంది. మొదట్లో వినిపించే గొంతు 1954లో న్యూయార్క్ బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో పీ వీ మార్కెట్ అనే వ్యాఖ్యాత చేసిన ప్రకటన. పాట మొదలవకముందే మనల్ని తీసుకెళ్లి ఆ క్లబ్బులో కూర్చోబెడుతుంది.

నువ్వేమో మూడు నిమిషాలూ ఊపిరాడకుండా మాటలు కుక్కావు. రెండో చరణం తీసెయ్. అందులో మంచి లైన్లున్నాయని నాకూ తెలుసు, అయినా తీసెయ్. అక్కడ ఎనిమిది బార్లు ట్రంపెట్‌కి వదులు.

రిలీజయిన మూడో రోజే వ్యూస్ లెక్కపెట్టి నాకు ఫోన్ చేయకు. 1992లో బయటికొచ్చిన 'క్యాంటలూప్' అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 9వ స్థానానికి చేరింది 1994లో. దాని ఆల్బమ్ 'హ్యాండ్ ఆన్ ద టార్చ్' అమెరికాలో ప్లాటినం అయింది, అంటే పది లక్షల కాపీలు, బ్లూ నోట్‌కి అదే మొదటిది. ఎంతోమంది మహానుభావులు వాయించిన కంపెనీకి ఆ గౌరవం ఒక ర్యాప్ పాట వల్ల దక్కిందంటే జాజ్ పెద్దలకి మింగుడుపడుతుందా? నాకైతే నవ్వొస్తుంది.

ముందు ఆ పియానో ఏ రికార్డులోదో రాసి పంపు. తర్వాత మాటల్లేకుండా బేస్, డ్రమ్స్ మాత్రమే ఉన్న ఫైలు పంపు. నీ పాటకి ట్రంపెట్ వాయించే కుర్రాడికి డబ్బు ముందే ఇచ్చెయ్, పేరు వేస్తాం కదా అని ఎగ్గొట్టకు.

మీ అమ్మకి వినిపించడం మాత్రం ఆ రెండో చరణం తీసేశాకే.

మామయ్య