మెరక బరువు లెక్కలో వేశారా?

ప్రశ్న: భీమవరం దగ్గర వరిచేనులో ఇల్లు కడదామని పోయిన వేసవిలో నాలుగడుగుల మెరక (నేల ఎత్తు పెంచే గ్రావెల్) తోలించాం. సాయిల్ రిపోర్టులో పైన మీటరు గట్టిమట్టి, కింద 3 మీటర్ల మెత్తటి బంకమట్టి, లిక్విడ్ లిమిట్ (మట్టి జారుగా మారే తేమ శాతం) 60, వాయిడ్ రేషియో (మట్టి రేణువులతో పోలిస్తే ఖాళీల పాలు) 1.2, ఎస్‌బీసీ (నేల భద్రంగా మోసే బరువు) చదరపు మీటరుకు 6 టన్నులు అని ఉంది. జీ ప్లస్ వన్‌కి చాలని ఇంజినీర్ అంటున్నారు. రెండు పిల్లర్లు మాత్రం పాత కళ్లం దిబ్బ మీదికి వస్తాయి, అక్కడ నేల గట్టిదే. మొదలుపెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీకిచ్చిన ఎస్‌బీసీ ఫుటింగ్ కింద మట్టి తెగి పక్కకు జారదని చెబుతుందేమో గానీ, నేల ఏళ్ల తరబడి ఎంత దిగుతుందన్నది వేరే లెక్క, మీరు రాసినదాన్నిబట్టి అది చేసినట్టు లేదు. అసలు మీకు చిక్కు ఇంటితో కన్నా మెరకతోనే. నాలుగడుగుల గ్రావెల్ అంటే చదరపు మీటరుకు సుమారు 2.2 టన్నులు, రెండంతస్తుల ఇంటి బరువును స్థలమంతా పరిచినా ఇంచుమించు అంతే. పైగా ఫుటింగ్ బరువు లోతుకెళ్లేకొద్దీ పలచబడుతుంది, చేనంతా పరిచిన మెరక బరువు పలచబడదు.

బంకమట్టి నడిమధ్యన మెరకకు ముందున్న బరువు, నీళ్ల తేలుడు పోను, చదరపు మీటరుకు 1.75 టన్నులనుకోండి. స్కెంప్టన్ సూత్రం ప్రకారం లిక్విడ్ లిమిట్‌లో 10 తీసేసి 0.009తో హెచ్చిస్తే కంప్రెషన్ ఇండెక్స్ (బరువుకి మట్టి ఎంత నొక్కుకుపోతుందో చెప్పే అంకె) 0.45. దాన్ని 3 మీటర్లతో హెచ్చించి, వాయిడ్ రేషియోకి ఒకటి కలిపి దాంతో భాగించి, కొత్త బరువుకీ పాత బరువుకీ ఉన్న నిష్పత్తి (3.95/1.75) లాగరిథంతో (పది ఆధారంగా) మళ్లీ హెచ్చిస్తే నేల దిగేది దాదాపు 22 సెంటీమీటర్లు. ఇంకా ఇటుక పెట్టకుండానే! ఆ బంక ఎప్పుడో ఎండి బిగిసి ఉంటే ఇంత దిగదు, అది కన్సాలిడేషన్ టెస్టులోనే (మట్టి నమూనాను బరువు పెట్టి నొక్కి చూసే ల్యాబ్ పరీక్ష) తేలుతుంది, ఖర్చుకి వెనకాడకండి.

అంతా ఒకేలా దిగితే మెట్లు, డ్రైనేజీ పైపులతోనే తంటా. కానీ మీ కళ్లం దిబ్బ ఏనాడో దిగాల్సింది దిగిపోయి ఉంటుంది, చేను ఇప్పుడు మొదలుపెట్టింది. పునాదులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1904 బంకమట్టి మీద విడి ఫుటింగులకు మొత్తం 75 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది గానీ, నాలుగు మీటర్ల దూరంలోని రెండు పిల్లర్ల మధ్య తేడా 6 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది. కాబట్టి ప్లాన్ జరిపి ఇల్లంతా ఒకే నేల మీదికి తెచ్చుకోండి. పైల్స్ (లోతుకి దించే కాంక్రీటు స్తంభాలు) అంటారా, దిగే మెరక వాటినీ కిందికి లాగుతుంది, ఆ బరువు కూడా డిజైన్‌లో వేయాలి, అప్పుడు కూడా గదుల ఫ్లోరింగ్ కుంగుతుంది.

మెరక మీద నాలుగు చోట్ల కాంక్రీటు దిమ్మెలు పోసి, దూరంగా ఉన్న ఏ పాత కల్వర్టు గోడనో ఆధారంగా పెట్టుకుని, నెలనెలా లెవెల్ తీయించండి. వరసగా మూడు నాలుగు నెలలు అంకె కదలకపోతే అప్పుడు రాయండి, విడి ఫుటింగులా, ఇల్లంతటి కింద ఒకే పలకగా పోసే రాఫ్టా అన్నది మాట్లాడుకుందాం.