తొమ్మిదో తరగతి అమ్మాయికి మడిచే టచ్‌స్క్రీన్ ల్యాప్‌టాప్ కొనొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సీబీఎస్‌ఈ. స్క్రీన్ వెనక్కి మడిచి పెన్నుతో రాసుకునే ల్యాప్‌టాప్ కావాలంటోంది. బడ్జెట్ 70 వేలు. ఇంటర్, బీటెక్ దాకా పనికొచ్చేలా ఏది తీసుకోవాలి? మామూలు ల్యాప్‌టాప్ చాలదా?

జవాబు:

పెన్నుతో రాసే పని ఉందనుకుంటే తీసుకోండి. వేలితో స్క్రీన్ తాకడం కోసమే అయితే వద్దండి, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

నేను హనుమకొండలో హైస్కూల్ లెక్కల టీచర్ని. సాయంత్రాలు ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పడానికి ఇలాంటి ల్యాప్‌టాపే వాడతాను. మా అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి, తనకూ ఒకటుంది. అలాగే స్కూల్లో పిల్లలు ఏవేవి కొంటున్నారో, వాటిని నిజంగా దేనికి వాడుతున్నారో చూస్తూనే ఉంటాను. వేలితో తాకడం అనే ముచ్చట కొత్తలోనే తీరిపోతుంది. ల్యాప్‌టాప్‌ని మామూలుగా తెరిచి పెట్టుకున్నప్పుడు చెయ్యెత్తి స్క్రీన్ తాకుతుంటే భుజం లాగుతుంది, తాకినప్పుడల్లా స్క్రీన్ ఊగుతుంది, పైగా అద్దం నిండా వేలిముద్రలు. పిల్లలు చెప్పాపెట్టకుండా మళ్లీ మౌస్‌కి వెళ్లిపోతారు. మామూలు దానికంటే మనం ఎక్కువ పెట్టే డబ్బంతా నిజానికి పెన్ను కోసమే.

మా అమ్మాయి పెన్ను వాడేది లెక్కలకి, సైన్సుకి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పీడీఎఫ్‌లు వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి కదా, వాటిని వన్‌నోట్ అనే నోట్స్ యాప్‌లో పెట్టుకుని పక్కనే లెక్క చేస్తుంది. బయాలజీ బొమ్మలు పుస్తకంలోని బొమ్మ మీదే ఒకసారి దిద్ది, తర్వాత పక్కన సొంతంగా గీస్తుంది. జామెట్రీకి జియోజీబ్రా ఉంది, త్రిభుజం శీర్షం పట్టుకుని లాగితే కోణాలు మారడం కళ్లముందే కనిపిస్తుంది. వేలితో తాకడం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ అనే కంప్యూటర్ ప్రయోగాలు కూడా చూపించండి. బ్రౌజర్‌లోనే నడుస్తాయి, వాటిలో కొన్నింటికి తెలుగు అనువాదాలున్నాయి. నాకు మాత్రం అన్నిటికంటే పనికొచ్చింది దిద్దడం. పిల్లలు నోటుపుస్తకం ఫొటో పంపిస్తే దాని మీదే ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపుతాను. తప్పు ఏ మెట్టులో జరిగిందో అక్కడే సున్నా చుట్టి చూపించొచ్చు. ఈ పని టైపు చేసి చేయాలంటే నాకు ఓపిక లేదు.

తెలుగు, ఇంగ్లిష్, సోషల్‌కి మాత్రం తను పెన్ను ముట్టుకోదు. ప్రాజెక్టులన్నీ టైపు చేస్తుంది. ఇంకొకటి గుర్తుంచుకోండి. బోర్డు పరీక్ష కాగితం మీదే రాయాలి. తర్వాత జేఈఈ మెయిన్, ఎప్‌సెట్ లాంటివి కంప్యూటర్ మీదే అయినా అక్కడ జవాబు గుర్తించేది మౌస్‌తో, లెక్క చేసేది రఫ్ షీట్ మీద బాల్‌పెన్నుతో. అందుకని రాత మొత్తం స్క్రీన్ మీదకి మార్చనివ్వకండి. చెరిపేస్తే మాయమైపోయే సౌకర్యానికి అలవాటుపడితే కొట్టివేతలు లేకుండా కాగితం మీద రాసే ఓపిక తగ్గుతుంది. ఇది నేను క్లాసులో చూస్తున్నదే.

ఇప్పుడు అసలు సంగతి, పెన్ను. అమ్మేవాళ్లు దీని గురించి సరిగా చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. రెండొందలకీ మూడొందలకీ దొరికే రబ్బరు మొన పెన్నులు స్క్రీన్‌కి ఇంకో వేలు లాంటివే. అరచెయ్యి ఆనించి రాస్తే అరచెయ్యి కూడా గీతలు గీస్తుంది. మీకు కావాల్సింది యాక్టివ్ పెన్ను. దాని లోపల సర్క్యూట్ ఉంటుంది కాబట్టి ఏది పెన్నో ఏది చెయ్యో స్క్రీన్‌కి తెలుస్తుంది, గట్టిగా నొక్కితే గీత లావవుతుంది. ఇది పనిచేయాలంటే స్క్రీన్‌లో కూడా ఆ ఏర్పాటు ఉండాలి. టచ్‌స్క్రీన్ అని రాసి ఉన్న ప్రతిదానిలో అది ఉండదు. స్పెసిఫికేషన్లలో టచ్ అని మాత్రమే ఉండి పెన్ను మాట లేకపోతే లేదనే అనుకోండి, తయారీదారు సైట్‌లో ఆ మోడల్ నంబరు కొట్టి చూసుకోండి.

అందులోనూ రకాలున్నాయి. విండోస్ ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా కనిపించేవి మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్, అంటే ఎంపీపీ, ఇంకా వాకమ్ ఏఈఎస్. క్రోమ్‌బుక్‌ల్లో, అంటే విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాపుల్లో, చాలావాటికి యూఎస్‌ఐ అనే రకం. ఒక రకం పెన్ను ఇంకో రకం స్క్రీన్ మీద గీత కూడా గీయదు. ఎంపీపీ, ఏఈఎస్ రెండిటికీ పనిచేసే పెన్నులు కొన్ని ఉన్నాయి గానీ కొనేముందు చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే స్టైలస్‌లలో చాలావరకు ఐప్యాడ్ కోసం చేసినవే, అవి విండోస్ మీద పనిచేయవు. మా స్కూల్లో ఒక పిల్లాడి నాన్నగారు అలాంటిది తెప్పించి, ల్యాప్‌టాపే పాడైందని షోరూమ్‌కి పట్టుకెళ్లారు. 4096 ప్రెషర్ లెవెల్స్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు, బొమ్మలు వేసేవాళ్లకి తప్ప దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బ్యాటరీ ఏ రకమో మాత్రం అడగండి. కొన్ని పెన్నుల్లో ఏఏఏఏ సెల్ వేయాలి, అది రిమోట్‌లో వేసే సెల్ కంటే సన్నం, మా వైపు కొట్లలో దొరకదు. యూఎస్‌బీ సీతో ఛార్జ్ అయ్యేదైతే ఆ తలనొప్పి లేదు. పెన్ను కొన్ని మోడళ్లకి డబ్బాలోనే వస్తుంది, కొన్నింటికి విడిగా కొనాలి, కాబట్టి బడ్జెట్‌లో దానికీ కొంత తీసిపెట్టండి. పిల్లలు దాన్ని పోగొడతారు, ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

షోరూమ్‌కి అమ్మాయిని తీసుకెళ్లండి. బయట పెట్టిన ల్యాప్‌టాపుల దగ్గర మామూలుగా పెన్ను ఉంచరు, లోపల్నుంచి తెమ్మని అడగండి. పెయింట్ గానీ వన్‌నోట్ గానీ తెరిచి, స్కేలు ఆనించి ఏటవాలుగా చాలా నెమ్మదిగా ఒక గీత గీయమనండి. నాసిరకం స్క్రీన్ అయితే ఆ గీత వంకరటింకరగా, అలల్లా వస్తుంది. వేగంగా గీస్తే ఈ లోపం బయటపడదు. తర్వాత అరచెయ్యి పూర్తిగా ఆనించి ‘స్వాతంత్ర్యం’ అని చిన్న అక్షరాల్లో రాయమనండి. ఒత్తులు విడివిడిగా, చదవగలిగేలా వస్తున్నాయా, పెన్ను ఎత్తిన చోట తోకలు వస్తున్నాయా అని చూడండి. ఇంగ్లిష్ అక్షరాలు బాగానే వచ్చిన స్క్రీన్ మీద మన ఒత్తులు అలుక్కుపోవడం నేను చూశాను. స్క్రీన్ అంచుల దగ్గర కూడా రాసి చూడాలి. సేల్స్ అబ్బాయి విసుక్కుంటాడు, ఫర్వాలేదు.

మడిచినప్పుడు అది ట్యాబ్‌లా చేతిలో పట్టుకునే వస్తువు అనుకోకండి. 14 అంగుళాల మడత ల్యాప్‌టాప్ దాదాపు కిలోన్నర ఉంటుంది. ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రాయడం ఎవరివల్లా కాదు. బల్ల మీద పెట్టుకునే రాయాలి, కీబోర్డు కిందికి ఆనుతుంది కాబట్టి ఒక గుడ్డ పరుచుకోవాలి. మెడ వంగిపోకుండా వెనక ఒక లావుపాటి పుస్తకం పెట్టి కొంచెం ఏటవాలుగా ఉంచితే హాయి. 15.6 అంగుళాలవి రెండు కిలోల దగ్గరికి వెళ్తాయి. స్కూల్ బ్యాగులో అది వద్దు.

స్క్రీన్ నిష్పత్తి 16:10 ఉన్నది వెతకండి. నిలువుగా తిప్పి రాసేటప్పుడు 16:9 స్క్రీన్ మరీ సన్నగా, బస్ టికెట్‌లా ఉంటుంది. ఏ4 కాగితం పొడవు వెడల్పుకి 1.41 రెట్లు, 16:10 అంటే 1.6 రెట్లు, 16:9 అంటే దాదాపు 1.78 రెట్లు. స్క్రీన్ వెలుతురు 300 నిట్స్‌కి తగ్గకుండా చూడండి. ఈ స్క్రీన్లన్నీ దాదాపు అద్దంలా మెరిసేవే, 250 నిట్స్ దాని మీద ట్యూబ్‌లైటే కనిపిస్తుంది. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. అద్దం మీద పెన్ను జారిపోతోందని కొందరు గరుకు స్క్రీన్‌గార్డ్ వేయిస్తారు. రాయడానికి బాగుంటుంది గానీ అక్షరాల స్పష్టత తగ్గుతుంది, పెన్ను మొన త్వరగా అరుగుతుంది. నేనైతే వేయించలేదు.

ప్రాసెసర్ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. ఇంటెల్ కోర్ ఐ5 స్థాయిది గానీ రైజెన్ 5 గానీ ఈమధ్య తరానిదైతే స్కూలు పనికి ఎక్కువే. ర్యామ్ 16 జీబీ తీసుకోండి, ఎందుకంటే ఇలాంటి పలచటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు. ఈ తరహాలో చూడదగ్గవి లెనొవో ఐడియాప్యాడ్ 5 టూ ఇన్ వన్, డెల్ ఇన్‌స్పిరాన్ 14 టూ ఇన్ వన్ లాంటివి. ఒకే పేరుతో పది రకాల కాన్ఫిగరేషన్లు అమ్ముతారు, స్క్రీన్, పెన్ను వాటినిబట్టి మారిపోతాయి. పేరు చూసి కాకుండా పూర్తి మోడల్ నంబరు చూసి కొనండి.

క్రోమ్‌బుక్ చవగ్గా వస్తుంది గానీ మీకు నేను చెప్పను. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండుకి కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పైథాన్, మైఎస్‌క్యూఎల్ ఉంటాయి. విండోస్ మీద అవి ఏ గొడవా లేకుండా నడుస్తాయి. ఐప్యాడ్ మీద రాత అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ కీబోర్డు, పెన్సిల్ కలిపితే ధర ఎక్కడికో వెళ్తుంది, పైగా ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అది సౌకర్యంగా ఉండదు.

మీ 70 వేలకి ఇంకో దారి ఉంది. మామూలు ల్యాప్‌టాప్ ఒకటి, పెన్ను ఇచ్చే ట్యాబ్ ఒకటి. శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ లాంటి వాటికి ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది, రాయడానికి ఆ పెన్నుని ఛార్జ్ చేయనక్కర్లేదు. అరకిలో బరువు కాబట్టి మంచం మీద కూర్చుని కూడా రాసుకోవచ్చు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో నేను ఇదే చెబుతాను. ఒక్కరే అయితే, రెండు ఛార్జర్లు, రెండు చోట్ల నోట్స్ అనే గజిబిజి వద్దనుకుంటే మడత ల్యాప్‌టాపే మేలు.

సెకండ్‌హ్యాండ్‌కి అభ్యంతరం లేకపోతే ఆఫీసులు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ ఎక్స్1 యోగా, ఎక్స్380 యోగా లాంటివి చూడండి. పెన్ను ల్యాప్‌టాప్ పక్కనే ఒక గూట్లో దూరి అక్కడే ఛార్జ్ అవుతుంది, కాబట్టి తొందరగా పోదు. కీబోర్డు కూడా గట్టిది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే నాలుగైదు షాపులు తిరిగి బేరమాడొచ్చు. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతది మాత్రం వద్దు. విండోస్ 11 దాన్ని అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పెన్ను గూట్లో ఉందా, ఆ పెన్ను పనిచేస్తోందా అని డబ్బు ఇచ్చేముందే చూసుకోండి.

ఇక బీటెక్ దాకా అన్నారు. ఇప్పుడే దాని గురించి ఆలోచించొద్దండి. ముందు పదో తరగతి తర్వాత ఎక్కడ చేర్చాలనుకుంటున్నారో తేల్చుకోండి. మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల సంగతి తెలిసిందే కదా, చాలాచోట్ల ఫోన్ కూడా లోపలికి రానివ్వరు. అమ్మాయిని అలాంటి హాస్టల్లో వేసే ఆలోచన ఉంటే ఈ ల్యాప్‌టాప్ రెండేళ్లు బీరువాలో ఉంటుంది, వారంటీ అక్కడే అయిపోతుంది, బ్యాటరీ కూడా వాడకుండానే దెబ్బతింటుంది. అప్పుడు 70 వేలు పెట్టడం దండగ, ఇప్పటికి పెన్ను ఉన్న ట్యాబ్ కొనిచ్చి ఊరుకోండి. ఇంట్లో ఉండే చదువుకుంటుందంటే నిశ్చింతగా కొనండి. బీటెక్‌లో ఏ బ్రాంచి వస్తుందో ఎవరికి తెలుసు. మెకానికల్ అయితే సాలిడ్‌వర్క్స్‌కి విండోస్‌తో పాటు గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కావాల్సి రావచ్చు, ఈ ధరలో మడిచే వాటిలో అది దొరకడం కష్టం. సీఎస్‌ఈ అయితే ఇదే నడుస్తుంది.

ఆఖరుగా, కొనేటప్పుడే ప్రమాదవశాత్తూ జరిగే డ్యామేజీకి కవర్ తీసుకోండి, మామూలు వారంటీలో అది రాదు. ఈ స్క్రీన్లలో పై అద్దం, లోపలి డిస్‌ప్లే సాధారణంగా కలిపి అతికించి ఉంటాయి. అద్దం పగిలితే మొత్తం మార్చాల్సిందే, మామూలు స్క్రీన్ కంటే చాలా ఎక్కువ అడుగుతారు. మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో, ఇంటికి వచ్చి చేస్తారో లేదో కూడా కనుక్కోండి. మీరు ఏదైనా మోడల్ అనుకుని ఉంటే పూర్తి నంబరు రాయండి, పెన్ను ఏ రకమో చూసి చెబుతాను.