ఫర్లింగ్ జెనోవా 150 శాతమా, 130 శాతమా?

34 అడుగుల క్రూజింగ్ (దూర ప్రయాణాల) పడవకి 150 శాతం ఫర్లింగ్ జెనోవా, అంటే ముందు అంచు చుట్టూ చుట్టేసుకోగలిగే పెద్ద ముందు తెరచాప, తీసుకుంటే తక్కువ గాలిలోనూ బాగా లాగుతుంది, గాలి పెరిగితే సగం చుట్టేసుకోవచ్చు కదా అని అడిగారు. ఈ శాతం అంటే తెరచాప కొయ్య నుంచి ముందు తీగ వరకు ఉన్న దూరంతో పోలిస్తే చాప వెడల్పు. నేనూ సరిగ్గా ఇదే లెక్క వేసుకుని 150 కుట్టించుకున్నాను. రెండేళ్లు వాడి 130కి మారాను. మీరు మొదటే 130, 135 దగ్గర ఆగండి.

ఎందుకో చెప్తాను. ఒకసారి 25 నాట్ల గాలిలో ఒడ్డు మాకు గాలికింది వైపు ఉంది, దాన్నుంచి దూరంగా గాలికి ఎదురెక్కాలి. జెనోవా సగానికి చుట్టాను. మిగిలిన చాప నడుమ సంచిలా ఉబ్బిపోయింది. పడవ బాగా వాలుతోంది, ముందుకి పోవడం కంటే పక్కకి జారడమే ఎక్కువగా ఉంది. ఆ గంటసేపు ఒడ్డు వైపు చూస్తూనే ఉన్నాను.

చాపకి నడుమ లోతు ఉంటుంది, పైమూల, కిందిమూలల్లో గుడ్డ పొరలు మందం. చుట్టినప్పుడు ఆ మూలలు త్వరగా బిగుసుకుంటాయి, నడుమ గుడ్డ మాత్రం వదులుగా మిగిలిపోతుంది. అందుకే ముందు అంచు వెంట ఫోమ్ ప్యాడ్ పెట్టించుకోండి. అది నడుమ మందంగా, కొసలకి పలచగా ఉండి, మిగిలిపోయే ఆ గుడ్డని చుట్టులోకి తీసుకుంటుంది. అది ఉన్నా మూడో వంతుకి మించి చుట్టాక ఆకారం ఆశించకండి. 150ని అంతవరకు చుడితే దాదాపు 100కి వస్తుంది, కానీ తక్కువ గాలికని కుట్టిన పలచటి గుడ్డ ఆ గాలికి సాగిపోతుంది. 130 అయితే కాస్త బరువైన డేక్రాన్ (చాపలకి వాడే పాలిస్టర్ గుడ్డ) వేయించుకోవచ్చు, చుట్టాల్సిందీ తక్కువే. క్లూ, అంటే చాపని లాగే తాళ్లు (షీట్లు) కట్టే వెనక మూల, కొంచెం ఎత్తులో పెట్టమనండి. ముందు ఏముందో కనిపిస్తుంది, చుట్టిన ప్రతిసారీ షీట్ కారు (షీట్ దూరి వెళ్లే, పట్టా మీద జరిగే కప్పీ) ముందుకి జరపడమూ తగ్గుతుంది.

తక్కువ గాలి సంగతా? దానికి వేరే పలచటి చాప ఉంచుకోవడమే మంచిది. ఎండకి కాపాడే పట్టీ ఏ వైపు కుట్టాలో మీ డ్రమ్ (చాప కింద ఉండి దాన్ని చుట్టే తాడు చుట్టుకునే చక్రం) తిరిగే దిశని బట్టి ముందే చెప్పండి.

చాప ఎంత మంచిదైనా రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి హాల్యార్డ్, అంటే చాపని పైకెత్తే తాడు. పై స్వివెల్ (చాప తలని పట్టుకుని దాంతో తిరిగే భాగం) దగ్గర అది ఫాయిల్‌కి (చాప చుట్టుకునే ముందు గొట్టానికి) సమాంతరంగా కాకుండా కాస్త వెనక్కి వాలి ఉండాలి, లేకపోతే ఫాయిల్ చుట్టూ మెలిపడి చాప మొత్తం ఇరుక్కుపోతుంది. కొత్త చాప ముందు అంచు పొట్టిదైతే తలకి వైర్ ముక్క కట్టి స్వివెల్‌ని పైకి చేర్చాలి. రెండోది ఫర్లింగ్ తాడు, అంటే డ్రమ్‌ని తిప్పి చాపని చుట్టేది. లంగరు దగ్గర నెమ్మదిగా చుట్టినప్పుడు సరిపోయిన తాడు గట్టి గాలిలో చాలదు, ఎందుకంటే చాప బిగుతుగా చుట్టుకుని ఎక్కువ చుట్లు తీసుకుంటుంది. నాకు చివర రెండు మూడు అడుగుల చాప బయటే ఉండిపోయి రాత్రంతా టపటపా కొట్టుకుంది. చాప పూర్తిగా చుట్టి, దాని మీద షీట్లు మూడు చుట్లు తిరిగాక కూడా డ్రమ్ మీద నాలుగైదు చుట్ల తాడు మిగలాలి. విప్పేటప్పుడు ఆ తాడుని చేత్తో కాస్త బిగపట్టి వదలండి, లేకపోతే డ్రమ్‌లో ఒకదాని మీదొకటి ఎక్కి చిక్కుపడుతుంది.

కొలతలు మాత్రం పడవ మీద తీయించండి, పాత చాప మీద వద్దు. అది ఇన్నేళ్లలో సాగిపోయి ఉంటుంది.