హ్యాంబర్గ్ వెళ్తున్న మేనకోడలికి

చి. లావణ్యకి, మామయ్య దీవెనలు.

నీకు హ్యాంబర్గ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని అమ్మ ఫోన్ చేసింది. ఏం పని అంటే "ఏదో బంగారం పనిట" అంది. చిప్ మీద బంగారు నానో యాంటెన్నాలతో (కంటికి ఆనని బుల్లి మొనలతో) ఫెమ్టోసెకండ్ లేజర్ పల్స్‌లు, అంటే సెకండ్‌ని వెయ్యి లక్షల కోట్ల ముక్కలు చేస్తే కొన్ని ముక్కలంత సేపే ఉండే కాంతి మెరుపులు, కొలవడమని తర్వాత నీ మెయిల్ చూస్తే తెలిసింది. సంతోషంతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది.

2021లో ఎంఐటీ వాళ్ల పేపర్ చదివాను. బలమైన పల్స్ బంగారు మొన నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది, బలహీనమైన పల్స్ ఆ కరెంటును కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, ఆ తేడాతోనే దాని ఆకారం తెలుస్తుంది. సుమారు 5 ఫెమ్టోజౌళ్ల, అంటే అతి తక్కువ శక్తి ఉన్న పల్స్‌ని వ్యాక్యూమ్ లేకుండా మామూలు గాలిలోనే కొలిచారు. మా రోజుల్లో ఈ మాట అంటే నవ్వేవాళ్లం.

చిప్ ముట్టుకునే ముందు చేతికి గ్రౌండ్ స్ట్రాప్ కట్టుకో, ఒంట్లోని స్టాటిక్ కరెంటు దాన్ని పాడుచేయకుండా. రెండు పల్స్‌ల మధ్య ఆలస్యం మార్చే అద్దం 150 నానోమీటర్లు జరిగితే 1 ఫెమ్టోసెకండ్ తేడా, కాబట్టి ఏసీ గాలి టేబుల్ మీద పడనివ్వకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరు. మా ల్యాబ్‌లో చెయ్యి తిరిగినవాడు ఒకతను ఎల్ఈడీని డిటెక్టర్‌గా పెట్టి ఆటోకోరిలేటర్ కట్టాడు, పల్స్‌ని రెండుగా చీల్చి మళ్లీ కలిపి దాని పొడవు కొలిచే పరికరం. అందులో రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలితేనే కరెంటు రావాలి. ఓ సాయంత్రం స్క్రీన్ మీద చక్కటి అలలు వచ్చాయి. పల్స్ మేం అనుకున్నదానికంటే చాలా పొట్టి! స్వీట్లు పంచాం, సెమినార్ తేదీ కూడా వేసేశారు. మేడమ్ వచ్చి నిలబడే అడిగారు, "శిఖరానికీ, అలలు లేని చోటి మట్టానికీ నిష్పత్తి ఎంత?" అని. 8కి 1 ఉండాలి, 2కి 1 ఉంది. బీమ్ రెండుగా చీలకముందే మందపాటి గాజు దిమ్మ పెట్టించారు. గాజులో పల్స్ సాగి గ్రాఫ్ మారాలి కదా, వెంట్రుకవాసి మారలేదు. ఒక్కో ఫోటాన్‌కే కరెంటు వస్తోందన్నమాట. మేం చూసింది రెండు బీమ్‌ల అలలు కలిసి చేసే ఉత్త ఇంటర్‌ఫెరెన్స్. అది స్పెక్ట్రమ్ వెడల్పు, అంటే కాంతిలో రంగులు ఎంత మేర పరుచుకున్నాయో, చెబుతుందే గానీ పల్స్ పొడవు చెప్పదు. ఎంత సాగిన పల్స్‌నైనా పొట్టిదే అంటుంది, వెధవది.

నీ చిప్‌లోనూ ఇది దూరొచ్చు. బంగారం వేడెక్కినా, కింది పొర కాంతిని పీల్చినా, నీకు కావాల్సిన దాదాపు 4 ఫెమ్టోసెకండ్ల అలలే కనిపిస్తాయి. అందుకని స్క్రీన్ మీద మొదటి ట్రేస్ (గ్రాఫ్) రాగానే ప్రొఫెసర్‌కి మెయిల్ కొట్టకు. ముందు బీమ్ చీలకముందే గాజు పెట్టు. నిజం సిగ్నల్ అయితే చితికిపోతుంది. బలమైన బీమ్ పవర్ సగం చేస్తే దాని కరెంటూ సగమే తగ్గిందంటే అనుమానించు. పల్స్ పోయాక కూడా యాంటెన్నా గంటలా కాసేపు మోగుతుంది, ట్రేస్ తోకంతా పల్స్‌దే అనుకోకు.

ఇంకోటి. ఆ లేజర్ కాంతి కంటికి కనపడదు. గాగుల్స్ తీసేసి వంగి బీమ్ వెతికే పిల్లల్ని చూశాను, తిట్టాను కూడా. గ్రహణం నాడు ఉత్త కళ్లతో సూర్యుణ్ణి చూస్తానని మారాం చేసిన పిల్లవి నువ్వు, నీ మీద నాకు నమ్మకం లేదు తల్లీ.

డబ్బుకి ఇబ్బందైతే అమ్మకి కాదు, నాకు చెప్పు. గాజు పెట్టాక వచ్చిన ట్రేస్ కూడా ముందు నాకే పంపు.

మామయ్య