యూకే పే స్లిప్‌లో ట్యాక్స్ కోడ్ 0టీ ఎం1 అని పడింది, ఏం చేయాలి?

కంగారు పడకండి, ట్యాక్స్ కింద ఎక్కువగా పట్టుకున్న ఆ డబ్బు ఎక్కడికీ పోదు. కొత్త ఉద్యోగం, మొదటి జీతం, అందరికీ 1257ఎల్ ఉంటే మీకు మాత్రం 0టీ ఎం1 అని ఉందన్నారు కదా, నాకూ అచ్చం అదే పడింది. హైదరాబాద్ నుంచి వచ్చి అక్టోబరులో చేరాను, నెలకు 2,000 పౌండ్లు, మొదటి నెలే ట్యాక్స్ కింద 400 పట్టుకున్నారు. ఇంటి అద్దె ఎలా కట్టాలా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1257ఎల్ అంటే ఏడాదికి 12,570 పౌండ్ల వరకు మీ సంపాదన మీద ట్యాక్స్ లేదని. చివరి సున్నా తీసేసి రాస్తారు, అంతే. 0టీ అంటే ఆ మినహాయింపు అసలు ఇవ్వలేదని, ఎం1 అంటే ఏ నెల లెక్క ఆ నెలకే, వెనక నెలలు చూడరని. చేరేటప్పుడు మీ నుంచి పీ45 (పాత ఉద్యోగం మానేసినప్పుడు అక్కడ ఇచ్చే కాగితం) గానీ స్టార్టర్ చెక్‌లిస్ట్ (కొత్తగా చేరేవాళ్ళు నింపే ఫారం) గానీ అందకపోతే పేరోల్ వాళ్ళు ఈ కోడే వేస్తారు. నాకు ఆ ఫారం ఎవరూ ఇవ్వలేదు, అడగాలని నాకూ తెలియదు.

చాలామందికి తెలియనిది ఏంటంటే, మధ్యలో వచ్చి చేరినా ఆ 12,570 మొత్తం మీదే. యూకేలో ట్యాక్స్ ఏడాది ఏప్రిల్ 6న మొదలవుతుంది, నేను అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలు పనిచేస్తే వచ్చేది 12,000, అంటే ఆ ఏడాది నేను కట్టాల్సిన ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా!

ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) నంబర్ ఉంటే హెచ్‌ఎంఆర్‌సీ, అంటే యూకే ట్యాక్స్ శాఖ, సైట్‌లో పర్సనల్ ట్యాక్స్ అకౌంట్ తెరిచి, ఉద్యోగం వివరాలు సరిచూసి, ఇదొక్కటే ఉద్యోగమని చెప్పండి. నేను నవంబరులో చెప్పాను, డిసెంబరు జీతంలో కోడ్ 1257ఎల్ అయింది, రెండు నెలల 800 పౌండ్లూ అందులోనే కలిపి ఇచ్చారు. జీతంలోంచి పట్టుకునే నేషనల్ ఇన్సూరెన్స్ మాత్రం వేరే లెక్క, దానికీ ఈ కోడ్‌కీ సంబంధం లేదు.

కోడ్ బీఆర్ అని ఉంటే మొత్తం జీతం మీద 20 శాతం పట్టుకుంటారు. రెండో ఉద్యోగానికైతే అది మామూలే, ఉన్నది ఒక్కటే ఉద్యోగమైతే వెంటనే అడగండి.

ఈ వారమే చేసేయండి. ఏప్రిల్ 5 దాటితే ఆ డబ్బు జీతంలో కలిసి రాదు, హెచ్‌ఎంఆర్‌సీ నుంచి విడిగా తీసుకోవాలి.