44 మంది ఉన్న తరగతిలో విద్యార్థి కేంద్రిత బోధన జరిగే పనేనా?

కొత్తగా హైస్కూల్లో చేరాననీ, ఏడో తరగతిలో 44 మంది ఉన్నారనీ రాశారు. శిక్షణలో చెప్పినట్టు గుంపులుగా కూర్చోబెడితే తరగతి సంతలా తయారవుతోంది, సిలబస్ కదలడం లేదు, ఇది అసలు జరిగే పనేనా అని మీ ప్రశ్న. జరుగుతుందండీ. కాకపోతే గుంపులతో మొదలుపెట్టకండి.

నేను మార్కాపురం దగ్గర, పొదిలి వైపు ఒక పల్లెటూరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు. శిక్షణ నుంచి వచ్చిన వారమే నేనూ మీలాగే ఆరు గుంపులు చేశాను. గుంపుకో చార్టు, స్కెచ్ పెన్నులు, ఒక లీడరు. బెంచీలు జరపడానికే పది నిమిషాలు పోయింది. లీడర్లు మొత్తం రాసేశారు, ఇంకో నలుగురు స్కెచ్ పెన్నుల కోసం కొట్టుకున్నారు, మిగతావాళ్లు హాయిగా కబుర్లలో పడ్డారు. పక్క గదిలో పద్యం చెబుతున్న తెలుగు మాస్టారు మా గుమ్మం దాకా వచ్చి, ఒక చూపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. చార్టులు మాత్రం గోడకు అంటించాను. తర్వాత తనిఖీకి వచ్చినాయన వాటిని చూసి చాలా మెచ్చుకున్నారు. అవి ఆరుగురు పిల్లల చేతిరాతలని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

నా కళ్లు తెరిపించింది ఒక తప్పు లెక్క. దశాంశాల కూడిక మీద స్లిప్ టెస్ట్ పెట్టాను. 4.3 + 2.4 ఎంత అంటే ఒక కుర్రాడు 7.1 అని రాశాడు. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. వాడి పక్కవాడిదీ 7.1. కాపీ కొట్టారనుకుని ఇద్దరికీ నాలుగు తగిలించాను, మాటలేలెండి. మూడో బెంచీలో ఇంకోడిదీ అదే జవాబు. ముగ్గురికీ ఒకే తప్పు ఎలా వచ్చిందా అని మొదటివాణ్ని పిలిచి, "ఇదెలా వచ్చిందిరా?" అన్నాను. తిట్టడానికే అడుగుతున్నానని తలొంచుకున్నాడు. "నిజంగానే అడుగుతున్నా, చెప్పు" అంటే మెల్లగా అన్నాడు: "నాలుగు ఓవర్ల మూడు బాల్స్, రెండు ఓవర్ల నాలుగు బాల్స్. కలిపితే ఏడు ఓవర్ల ఒక బాల్ కదా మేడం!"

నాకు క్రికెట్ పడదు. ఇంటికెళ్లి మా ఆయన్ని అడిగితే నవ్వాడు. 27 బంతులు, 16 బంతులు, మొత్తం 43. అంటే ఏడు ఓవర్ల ఒక బంతే. వాడి లెక్కలో వీసమెత్తు తప్పు లేదు. కాకపోతే అది దశాంశాల లెక్క కాదు.

మర్నాడు బోర్డు మీద ఒకే లెక్క రెండుసార్లు రాశాను. ఒకదాని పైన "గ్రౌండ్‌లో", రెండోదాని పైన "పుస్తకంలో". జవాబులు ఎందుకు తేడా వస్తున్నాయో మీరే చెప్పండని చాక్‌పీసు కింద పెట్టి ఊరుకున్నాను. మగపిల్లలంతా ఒక్కసారే అరిచారు, ఓవరుకి ఆరు బంతులని. "మరి పుస్తకంలో, చుక్క తర్వాత ఎన్నయితే ఒకటి పూర్తవుతుంది?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ అమ్మాయి "పది" అంది. ఆ వెంటనే ఇంకెవరో, "దశ అంటే పదే కదా, అందుకేనా దశాంశం!" అన్నారు. ఆ మాట నేను ఏళ్ల తరబడి పలుకుతూనే ఉన్నాను. అందులో పది ఉందని ఒక్కసారి కూడా విప్పి చెప్పలేదు.

నా దృష్టిలో విద్యార్థి కేంద్రితం అంటే ఇదే: పిల్లవాడు ఏ దారిలో ఆ జవాబుకు వచ్చాడో కనుక్కుని, మన పాఠాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టడం. దానికి బెంచీలు జరపక్కర్లేదు.

మరి 44 మంది దారులు కనుక్కునేదెలా అంటారు. నాకు పనికొచ్చింది పలక. మార్కాపురం పలకలు మా వైపువే కదా, అందరికీ తలా ఒకటి తెప్పించాను. "మేమేమన్నా అంగన్‌వాడీ పిల్లలమా మేడం" అని మొదట్లో నవ్వారు. ప్రశ్న అడుగుతాను, రాస్తారు, మూడు అనగానే అందరూ ఒకేసారి పైకెత్తుతారు. ఒక్క చూపులో తరగతి మొత్తం తెలిసిపోతుంది. చెయ్యెత్తమంటే ఎప్పుడూ ఎత్తే అయిదు చేతులే ఎత్తుతాయి. పలకయితే దాక్కునే వీలుండదు, తప్పు రాసినా తుడిస్తే పోతుంది కాబట్టి భయమూ ఉండదు. నోటుపుస్తకంలో తప్పు అలా పోదు. ఆ తర్వాత వేర్వేరు జవాబులున్న రెండు పలకలు పట్టుకుని, ఎవరివో చెప్పకుండా, "ఇది రాసినవాళ్లు ఏమనుకుని రాసుంటారు?" అని అడుగుతాను. మాట్లాడుకోమన్నది పక్కన కూర్చున్నవాళ్లతోనే, అదీ రెండు నిమిషాలు.

ప్రశ్న అడిగాక ఆగడం ఇంకో సంగతి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లోనే ఈ విషయం రాసింది. టీచర్లు ప్రశ్న అడిగి ఒక సెకను దగ్గర్లోనే ఆగుతున్నారట, మూడు సెకన్లు ఆగితే చాలు, మాట్లాడని పిల్లలూ నోరు తెరుస్తున్నారట. మూడు సెకన్లేగా అనిపిస్తుంది. నిలబడి చూడండి, ప్రాణం మీదికొస్తుంది. నేను మనసులో అయిదు దాకా లెక్కపెట్టుకుంటాను.

ఇంకో అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. మా వైపు పొగాకు క్యూరింగ్ రోజుల్లో సగం తరగతి ఖాళీ, పిల్లలు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఉంటారు. ఆ అమ్మాయి కూడా వారానికి మూడు రోజులే వచ్చేది, వచ్చినా నోరు మెదిపేది కాదు. ఒకరోజు "128 కిలోల పొగాకు బేలు, కిలో 240 రూపాయలు, ఎంతొస్తుంది?" అని అడిగి, నేను బోర్డు మీద నిలువు గుణకారం మొదలుపెట్టేలోపే ఆ పిల్ల పలక పైకి లేచింది, 30,720. ఎలా చేశావంటే, "వందకి ఇరవై నాలుగు వేలు, పాతిక్కి ఆరు వేలు, మిగతా మూడింటికి ఏడువందల ఇరవై" అంది. వేలం జరిగే చోట నాన్న పక్కన నిలబడి నేర్చుకున్న లెక్క. చాక్‌పీసు ఆమెకిచ్చి నేను వెళ్లి ఆమె బెంచీలో కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, అక్కణ్నుంచి చూస్తే కిటికీ వెలుతురు కొట్టి బోర్డు ఎడమ సగం అసలు కనబడదని. ఆ గదిలో తొమ్మిదేళ్లుగా నేను లెక్క మొదలుపెట్టేది ఆ ఎడమ వైపునే.

ఇక సిలబస్. నిజం చెప్పాలంటే అన్ని పాఠాలూ ఇలా చెప్పను. నిర్వచనాలు, గుర్తులు సూటిగా చెప్పి రాయిస్తాను. సమాంతర చతుర్భుజం అనే పేరు పిల్లలు తమంతట తాము కనిపెట్టాలని కూర్చుంటే ఏడాది అయిపోతుంది. జనవరి దాటాక పదో తరగతికయితే మొత్తం పాత పద్ధతే: స్లిప్ టెస్టులు, ప్రత్యేక తరగతులు, మళ్లీ మళ్లీ చేయించడం. దానికి సిగ్గుపడను. కానీ భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, శాతాలు, ఈ నాలుగింటి దగ్గర ఎంత టైమ్ పట్టినా తొందరపడను. అక్కడ మిగిలిన అడ్డదారి ఆలోచనే పదో తరగతిలో ఫెయిల్ చేయిస్తుంది.

తరగతిలో గోల గురించి మీ హెడ్‌మాస్టర్ అడిగితే చట్టం పేరు చెప్పవచ్చు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో, పిల్లలు పనులు చేస్తూ, వెతుక్కుంటూ, భయం లేకుండా నేర్చుకోవాలనే ఉంది. అదే చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మందికి ఒక టీచర్ ఉండాలి. మీకు 44 మంది, ఆ మాట కూడా ఆయనకు మర్యాదగా గుర్తుచేయండి. పక్క గది మాస్టారికి మాత్రం ముందే చెప్పి పెట్టుకోండి, రేపు మూడో పీరియడ్‌లో కాస్త గోల ఉంటుందని. నేను చెప్పకుండా చేసి ఆ చూపు తిన్నాను.

పలకలు కొంటే చెక్క ఫ్రేము బిగుతుగా ఉన్నవే చూసి తీసుకోండి. తడిపి తుడవడానికి పిల్లల్ని ఇంటి నుంచి పాత గుడ్డ ముక్క తెచ్చుకోమనండి, లేకపోతే యూనిఫామ్ చేతులతో తుడుస్తారు, వాళ్ల అమ్మలు మన మీదికొస్తారు.